ఐదు నూర్ల మైళ్ళ పత్తెం

మా నాయన కొన్న కారును చంపింది నేనే. ఆ సంగతి ముందు చెప్పకపోతే, పదేళ్ళ తర్వాత ఇంకొకరి కొత్త కారులో కూర్చుని నేనెందుకంత వణికానో ఎవరికీ అర్థం కాదు.

మా కారు ఐదుగురు కూర్చునే పెద్ద బండి. చిత్తూరులో మా భవంతి ముందు దిగిన వారానికే, నాయన ఊళ్ళో లేనప్పుడు, నేను దాన్ని మొగిలి ఘాటు మీదికి తోలాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పక్కన మా డ్రైవరు ఉన్నాడు. కొత్త ఇంజినును కొన్నాళ్ళు మెల్లగా నడపాలని, ఎత్తు దారులు ఎక్కించకూడదని దారంతా చెబుతూనే ఉన్నాడు. డ్రైవరు చెబితే దొరబిడ్డ వినడమేమిటి? ఘాటు సగంలో ఆవిరి లేచింది. కంగారులో నేను పక్క వాగు నుంచి డబ్బాతో చన్నీళ్ళు తెచ్చి, వద్దు వద్దని ఆయన అరుస్తున్నా వినకుండా, మరుగుతున్న ఇంజినులో పోశాను. టప్పుమని ఒక శబ్దం. పెద్దది కూడా కాదు. ఎండిన చింతబరికె విరిగినంత. లోపల ఇనుప దిమ్మ పగిలిపోయింది.

బండిని ఎద్దులతో ఇంటికి లాగించాం. నాయన వచ్చి, ఎవరు తోలినారని అడిగాడు. డ్రైవరు తల వంచుకున్నాడు. నేను వంచలేదు. మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. తల వంచినవాణ్ణి నాయన ఆ పూటే పనిలోంచి తీసేశాడు. ఆయన వేలూరు దిక్కు పోయాడని తర్వాత విన్నాను.

నాయన పోయాడు. భవంతి చేతులు మారింది. నేను దాని వెనకవీధిలో రెండు గదుల్లోకి వచ్చాను. ఇస్త్రీ కోటు, నిలువు నడక మాత్రం వెంట తెచ్చుకున్నాను.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, మా ఊరి చెనక్కాయ నూనె మిల్లు యజమాని ఇంగ్లండు నుంచి ఒక పందెపు కారు తెప్పించాడు. ఇద్దరే కూర్చునేది. నేలకు జానెడు ఎత్తున, ముందు బారెడు ముక్కుతో, తీగచక్రాలతో, ఉరకబోయే వేటకుక్కలా ఉండేది. మిల్లు యజమాని నాతో బడిలో చదువుకున్నవాడు. వాళ్ళమ్మ ఒకప్పుడు మా చేలల్లో కలుపు తీసింది. అతనికి తోలడం అంతంతమాత్రం. కొత్త ఇంజినును మొదట పదును చేయడానికి తెలిసిన చెయ్యి కావాలని మా గదికి వచ్చాడు. మంచం మీద కూర్చోక గడపలోనే నిలబడి, డ్రైవరుగా కాదప్పా, స్నేహితుడుగా రా అన్నాడు. ఆ మాట అనకపోయి ఉంటే నేను వెళ్ళేవాణ్ణి కాదు. అన్నాడు కాబట్టి వెళ్ళక తప్పలేదు. తాళం చేతికిస్తూ, ఐదు వందల మైళ్ళు నిండేదాకా నీదే పూచీ అన్నాడు. నాదే అన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఇంజిను కూడా నా చేతిలో పోతే, తండ్రి కారును తగలేసినవాడు పరాయి కారును కూడా తగలేశాడని నేను నాకే చెప్పుకోవలసి వస్తుంది. ఊరికి మొదటి సంగతి తెలియదు గదా అనే ధైర్యం ఒకటే ఉండేది.

బండిని మద్రాసు నుంచి తోలుకొచ్చిన మేస్త్రీ అరవం కలిసిన తెలుగులో నియమాలన్నీ చెప్పాడు. కొత్త ఇంజినులో ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. ఒకదానికొకటి మచ్చికయ్యేదాకా వేడెక్కనీయకూడదు. వేగం ముప్పై మైళ్ళు దాటకూడదు, ఎత్తు దారులు ఎక్కించకూడదు, ఐదు వందలు నిండాక నూనె మార్చాలి. "బాలింత మాదిరి అనుకో సామీ. ఐదు నూర్ల మైళ్ళు పత్తెం. అంతదాకా కట్టు తప్పితే జన్మంతా రోగమే" అన్నాడు.

రోజూ పొద్దున చిత్తూరు నుంచి బయల్దేరి పాకాల దాకా పోయి తిరిగి వచ్చేవాణ్ణి. కోటు వేసుకుని, వీపు సీటుకు ఆనకుండా కూర్చునేవాణ్ణి, చూసినవాళ్ళు డ్రైవరనుకోకూడదని. గంటకు వంద మైళ్ళు పోతుందని చెప్పుకునే బండి పాతికలోనో ముప్పైలోనో పాకుతుంటే సర్వీసు బస్సులు దుమ్ము కొట్టి దాటిపోయేవి. పాకాల దగ్గర ఒక కండక్టరు మెట్టు మీదినుంచి వంగి, "ఏమి డ్రైవరన్నా, బండికి జరమా?" అని అడిగాడు. బస్సంతా నవ్వింది. జరం మాటకు నాకేమీ కాలేదు. డ్రైవరన్నా అన్నది వారం రోజులు గుచ్చింది.

బయటికి అలా కనిపించేవాణ్ణి గానీ లోపల ఉన్నది భయమే. చెవులెప్పుడూ ఇంజిను మీదే. చక్రం కింద రాయి చిట్లినా ఉలిక్కిపడి బండి ఆపేవాణ్ణి. పాకాలలో దిగిన ప్రతిసారీ బండి ముక్కు మీద అరచెయ్యి పెట్టి, పసిబిడ్డ నుదురు చూసినట్టు వేడి చూసేవాణ్ణి. ఇంటికొచ్చి పడుకున్నాక కూడా ఆ టప్పు వినిపించేది.

ఇంతలో పెద్దామె, అంటే మిల్లు యజమాని తల్లి, శనివారం ముహూర్తం పెట్టించింది. వాళ్ళింట్లో ఏ కొత్త వస్తువు వచ్చినా మొదట తిరుపతి కొండకు పోయి రావలసిందే. కొండకు పోనిదే కొడుకును ఆ బండి మీద చెయ్యి వేయనివ్వనని మొక్కుకుంది. శనివారంలోగా ఐదు వందలు పూర్తి చేద్దామని నేను పొద్దుటి నుంచి సాయంకాలం దాకా తిరిగాను. అప్పట్లో పెట్రోలు కూపన్ల మీదే ఇచ్చేవాళ్ళు; కొండకని దాచినవి తప్ప కూపన్లన్నీ అయిపోయాయి. మూడు వందల పది దగ్గర బండి ఆగింది.

కొండ ఎక్కించకూడదని మిల్లు యజమానికి ఒకసారి చెప్పాను. అమ్మ మాట గదప్పా, నీ చెయ్యి ఉంటే ఏం కాదు అన్నాడు. రెండోసారి చెప్పాలంటే భయమేస్తున్నదని చెప్పాలి. చెప్పలేదు.

ముందు రోజు పెద్దామె మజ్జిగ చెంబుతో కారు దగ్గరికి వచ్చింది. ఇంత ఉషారైన బండిని అంత మెల్లగా ఎందుకు తోలుతున్నానని అడిగింది. మా చేలో కలుపు తీసిన మనిషికి ఇంజిను సంగతులు వివరించడానికి నాకు నోరు రాలేదు. మేస్త్రీ మాటనే ఆమె ముందు పడేశాను.

"బాలింత బండి. పత్తెంలో ఉంది."

ఆమె నవ్వలేదు. తల ఊపింది. "గాలీ గీలీ తగిలితే ఏమన్నా అవతాదా చిన్నదొరా?"

"అన్నీ అవుతాయి" అన్నాను, ఆమె పోతే చాలునని.

శనివారం మిల్లు యజమాని భార్యతో ముందే బస్సులో కొండకు పోయాడు. పెద్దామె నా పక్కన కూర్చుంది. కాళ్ళ దగ్గర తడిబట్ట చుట్టిన ఇత్తడి చెంబులో నీళ్ళు, ఒళ్ళో పూజ బుట్ట. ఆ బండిలో వేగం చూపే ముల్లు తోలేవాడి ముందు ఉండదు, పక్కవాళ్ళ ముందు ఉంటుంది. ముప్పై ఎక్కడో వేలితో చూపించి, ముల్లు అక్కడికి వస్తే చెప్పమన్నాను. బుట్టలోని కుంకుమతో ఆ అంకె దగ్గర అద్దం మీద బొట్టు పెట్టింది. తిరుపతి దాకా కన్నార్పకుండా దాన్నే చూసింది. పాకాల దాటాక ఒకసారి, "వచ్చె, వచ్చె" అని నా మోచెయ్యి పట్టి లాగింది.

అలిపిరిలో ఆపాము. పూజారి వచ్చాడు. కొత్త బండికి టెంకాయ కొట్టడం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం డ్రైవరు చేసే పని. వేరే బండి క్లీనరును పిలిచి చేయించమని చెప్పి నేను దూరంగా పోయి, చేతులు వెనక్కి కట్టుకుని, కొండ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక గంట మోగింది, కర్పూరం వాసన వచ్చింది. ఎవరో అయిందయ్యా అన్నారు. తిరిగి వచ్చేసరికి బండి ముక్కు నిండా బంతిపూల దండ వేలాడుతున్నది. దాన్ని ఒక చూపు చూసి ఎక్కి కూర్చున్నాను. దగ్గరికి పోయి చూడలేదు. ఆ రోజు నేను చేసిన తప్పు అదే.

ఘాటు రోడ్డు అప్పటికింకా కొత్తది. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. మొదటి మలుపులు బాగానే ఎక్కింది. రెండో గేరులో, ఇంజిను గొంతు పిసకకుండా, పాదం కింద గుడ్డు ఉన్నట్టు తొక్కుతూ పోయాను. నాలుగైదు మలుపులు దాటాక నూనె ఒత్తిడి చూపే ముల్లు దిగడం మొదలుపెట్టింది. అరవై దగ్గర ఉండేది యాభైకి వచ్చింది. తర్వాత నలభై. పాదాల కింద రేకు కాలుతున్నది. నా చేతులకు చెమట పట్టి స్టీరింగు జారుతున్నది.

పెద్దామె మాత్రం నిమ్మళంగా ఉంది. ముల్లు తన బొట్టు దగ్గరికి రానేలేదు గదా అని రెండుసార్లు నాకు ధైర్యం చెప్పింది. ఆపద ఆ ముల్లులో లేదని, నా ముందున్న దానిలో ఉందని ఆమెకు చెప్పలేకపోయాను. చెబితే నా భయం బయట పడుతుంది.

అప్పుడొక వాసన వచ్చింది. రంగు కాలుతున్న వాసన కాదు, రబ్బరుది కాదు. ఏదో తెలిసిన వాసనే, కానీ అక్కడ ఉండవలసింది కాదు. "ఎవరో పోపులో పసుపు మాడ్చినారు" అన్నది పెద్దామె, అడివిలో చుట్టూ చూస్తూ.

ఆ వెంటనే ఇంజినులో డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడు మొదలైంది. మొగిలి ఘాటులో ఆవిరి లేచేముందు విన్నది సరిగ్గా అదే. తర్వాత ఏం వినిపిస్తుందో నాకు తెలుసు. మలుపు దగ్గర రోడ్డు కొంచెం వెడల్పుగా ఉంటే అటు తిప్పి ఇంజిను ఆపాను. బండి వెనక్కి జారింది. చేతిబ్రేకు పీకాను, ఆగలేదు. వెనక లోయ. కాలుబ్రేకు మీద ఒళ్ళంతా వేసి నిలబడ్డాను. పైనుంచి దిగుతున్న బస్సు హారను కొడుతున్నది. నేను దిగితే బండి పోతుంది, దిగకపోతే చక్రం కింద రాయి పెట్టేవాళ్ళు లేరు.

పెద్దామె అప్పటికే దిగిపోయింది. వట్టికాళ్ళతో ఆ కాలే రోడ్డు మీద పరుగెత్తి ఒక బండరాయి దొర్లించి వెనక చక్రం కింద తోసింది. రెండో చక్రం కింద ఇంకొకటి. "కాలు తియ్యి చిన్నదొరా. ఎద్దుల బండి తోలే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు తెలుసులే" అన్నది. బస్సు మా పక్కనుంచి వేలి సందున దాటిపోయింది.

నేను దిగాను. బండి ముక్కు పట్టుకుని ముందుకు నడిచాను. దండ పూలు ఉడికి వాలిపోయాయి. దండను ఎత్తితే దాని వెనక, గాలి లోపలికి పోవలసిన రేడియేటరు జల్లెడ మీద, పసుపులో ముంచిన నాలుగు మడతల గుడ్డ. మనిషికి చెవుల దగ్గరినుంచి గడ్డం దాకా బిగించి కట్టినట్టు, ముడి మీద ముడి.

ఎవరు కట్టారని అడిగాను.

"నేనే" అన్నది. "బాలింతకు గాలి తగలగూడదని అలిపిరిలో కట్టినాను. నువ్వే గదా చెప్తివి."

తిట్టబోయాను. ఎవరిని తిట్టాలి? బాలింత అన్నది నేను. గాలి తగిలితే అన్నీ అవుతాయన్నది నేను. ఆమె అడిగినప్పుడు నాలుగు మాటలు చెప్పడానికి నా నోటికి బరువైంది. పూజ జరిగినంతసేపూ దూరంగా వీపు తిప్పి నిలబడ్డాను.

ఇంజినుకు గాలే ఊపిరి అని అప్పుడు చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. అది స్వామికి మొక్కి కట్టిన గుడ్డ, దర్శనం కాకముందు విప్పకూడదు. నేను విప్పబోయి ఆగాను. ఆమె ఒక్క క్షణం పైకి కొండ వైపు చూసి, తనే ముళ్ళు విప్పింది. "బిడ్డకు ఊపిరాడకుండా కట్టమని ఏ సామి చెప్పినాడు?" అంటూ వేళ్ళు కాలుతున్నా గుడ్డ లాగేసి చంకలో పెట్టుకుంది. రేడియేటరు మూత చుట్టూ ఆవిరి బుస కొడుతున్నది.

ఆమె సీటు ముందునుంచి నీళ్ళ చెంబు తెచ్చింది. చల్లటి నీళ్ళు. చెంబుకు చుట్టిన బట్ట ఇంకా తడిగానే ఉంది. నా చెయ్యి దానంతటదే చెంబు మీదికి పోయింది. పోయడానికే పోయింది. పదేళ్ళ నుంచి భయపడుతున్నవాణ్ణి, భయంలో మళ్ళీ అదే పని చేయబోయాను. టప్పు ముందే చెవిలో వినిపించింది. చెయ్యి తీసేశాను.

"పోయకపోతే సచ్చిపోతాదేమో" అన్నది ఆమె.

"పోస్తే చస్తుంది."

చల్లారేదాకా కూర్చోవడమే. రాతి పక్కన నీడలో ఇద్దరం కూర్చున్నాం. లోపల ఇనుము ఇనుముతో అతుక్కుపోయి ఉంటే, చల్లారాక కూడా ఇక కదలదు. అది కదిలించి చూసేదాకా తెలియదు. కదిలించి చూడాలంటే భయం. అందుకే చల్లారిన తర్వాత కూడా కొంతసేపు కూర్చునే ఉన్నాను.

ఎందుకు చెప్పానో తెలియదు. మా నాయన కారును పాడుచేసింది నేనే, డ్రైవరు కాదు అన్నాను. పదేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఆమె చెంబు ఎత్తి గుక్కెడు తాగింది. "ఆ డ్రైవరప్ప ఊరు విడిచి పోయేనాడు మా అరుగు మీద కూసోని అన్నం తిని పోయినాడు. నీ పేరు ఎత్తనే లేదు. అయినా అది తెలియనిదెవురికి? ఎద్దులు తోలుకొచ్చినోళ్ళు సూసినారు గదా."

"ఊరందరికీ తెలుసునా?"

"అందరికీ."

మా నాయనకు కూడా తెలుసునా అని అడగాలి. ఆమె నా ముఖం చూసి, అడుగుతానేమోనని కాసేపు చూసి, తల తిప్పుకుంది. ఆ రోజు నేను పడిన భయాలన్నిటిలో ఆ ప్రశ్న అడగడానికి పడిందే పెద్దది. ఆమె బతికినన్నాళ్ళూ అడగలేదు. ఆమె పోయాక అడగడానికి ఎవరూ లేరు.

లేచాను. కోటు విప్పి సీటు మీద వేశాను. ఇంజినును చేత్తో తిప్పే హాండిలు తీసి బండి ముక్కు కింద రంధ్రంలో పెట్టి వంగాను. నడుము బాగా వంచితే తప్ప అది చేతికి అందదు. పైకి పోతున్న బస్సు మెల్లగా దాటింది, కిటికీలన్నిట్లో తలలు. నేను ఎవరివైపూ చూడలేదు. హాండిలును రెండు చేతులా పట్టి మెల్లగా పైకి లాగాను. కదల్లేదు. ఇంకొంచెం బలం పెట్టాను. కదల్లేదు. మూడోసారికి లోపల ఏదో పట్టు విడిచినట్టు అనిపించింది. నూనెలో తెడ్డు తిప్పినట్టు, బరువుగా, నునుపుగా ఒక చుట్టు తిరిగింది. ఇంకొక చుట్టు. ఎక్కడా గరగర లేదు. లేచి ఇంజిను స్టార్టు చేశాను, అందుకుంది. అప్పుడు కొద్దికొద్దిగా ఆమె చెంబులోని నీళ్ళు పోశాను, ఇంజిను నడుస్తుండగా. పావుగంట పట్టింది.

కొండ మీద మిల్లు యజమాని ఎదురొచ్చాడు. ఇంత ఆలస్యమెందుకైందని అడిగాడు. పెద్దామె చంకలోని గుడ్డ బయటికి తీసి ఏదో చెప్పబోయింది. అప్పుడు నేను తల ఎత్తుకుని ఊరుకుని ఉంటే చాలు, మిగిలింది ఆమె నెత్తిన వేసుకునేది.

"దారిలో ఇంజిను బాగా వేడెక్కింది" అన్నాను. "ముందు వైపు చూసుకోకుండా తోలినాను. తప్పు నాది. లోపల దెబ్బ తగిలిందో లేదో ఇప్పుడే తెలియదు."

అతను నన్ను, వాళ్ళమ్మను, బండిని చూశాడు. ముందు దర్శనం చేసుకుందాం పదమన్నాడు.

తెలియదు అన్నది ఒట్టి మర్యాదకు అన్న మాట కాదు. అక్కడినుంచి మిగిలిన మైళ్ళన్నీ అదే భయంతో తోలాను. బండి బాగానే పోయేది. బాగా పోవడం కూడా నాకు అనుమానంగానే ఉండేది.

ఐదు వందలు నిండాక మేస్త్రీ మద్రాసు నుంచి వచ్చాడు. జరిగింది ముందే చెప్పాను. పత్తెం అయిపోయింది, ఇక తలంటు అంటూ ఇంజిను అడుగు మూత విప్పి నూనెను బేసినులోకి వంచాడు. రెండు వేళ్ళతో కొంచెం తీసి, బొటనవేలితో రుద్ది, ఎండలోకి పట్టాడు. ఇనుము రాలి ఉంటే తళుకు కనిపిస్తుంది. నేను చూడలేదు. నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

"కొంచెం మినుకుండాది" అన్నాడు. "కొత్త బండికి మామూలే సామీ. బతికినాది."

ఆ సాయంకాలం మిల్లు యజమాని తాళం తీసుకున్నాడు. స్నేహితుడివి గదా, పక్కన కూర్చో అన్నాడు. కూర్చున్నాను. ఊరు దాటగానే పాదం నేలకు తొక్కాడు. గాలికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. నా ముందున్న గాజు మీద పెద్దామె పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా ఉంది. ముల్లు దాని దగ్గరికి వచ్చి ఆగకుండా దాటిపోయింది. నలభై, యాభై, అరవై. అతను సంతోషంతో కేకలు వేస్తున్నాడు. నా వీపు సీటుకు అతుక్కుపోయి ఉంది. నా కుడికాలు, బ్రేకు లేని చోట, బ్రేకు కోసం వెతుకుతూనే ఉంది.